మీకు తెలుసా? కరెంటు తీగ వెనక ఉన్న రిజిస్టరు

మిరప కళ్లం మీద రాత్రి కాపలా పడుకునే వాళ్లకి కరెంటంటే నెత్తిమీద వేలాడే ఒక్క బల్బు. పత్తి చేలో బోరున్నవాళ్లకి మోటారు. గుంటూరు కోల్డ్ స్టోరేజీ యజమానికి నెలాఖరు బిల్లు. స్తంభాలూ తీగలూ అందరికీ కనిపిస్తాయి. వాటి వెనక ఓ రిజిస్టరు, ఓ నిబంధన, ఓ శిక్షణ, ఓ బహిరంగ విచారణ ఉంటాయి. స్తంభం పాతడానికి ఒక పూట చాలు. ఇవి కుదురుకోవడానికి మన దగ్గర అరవై ఏళ్లు దాటింది, కొన్ని ఇంకా కుదురుకోనే లేదు. ఈసారి ఆ సంగతులు.

సైకిలు తొక్కడం వస్తేనే లైన్‌మన్

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఊరికో ‘ఎనర్జీ అసిస్టెంట్’ వచ్చాడు. కాగితం మీద అతని హోదా జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2. ఐటీఐ మార్కులు ఒక్కటే చాలవు, మూడు పనులు చేసి చూపించాలి: స్తంభం ఎక్కాలి, మీటరు రీడింగు తీయాలి, సైకిలు తొక్కాలి. ఇంటింటికీ బండి ఉన్న రోజుల్లో సైకిలు పరీక్ష ఏమిటని నవ్వుకున్నవాళ్లున్నారు. పెదనందిపాడు, పర్చూరు వైపు నల్లరేగడి తడిసినప్పుడు చేలోకి వెళ్లి చూడండి. సైకిలూ కదలదు లెండి, కానీ సైకిలునైతే భుజాన వేసుకుని నడవొచ్చు.

తీసుకున్నవాడే తిరిగివ్వాలి

ఊళ్లలో ‘ఎల్‌సీ తీసుకున్నారంట’ అనే మాట వినే ఉంటారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. 11 వేల వోల్టుల తీగ మీద చెయ్యి పెట్టే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తాడు. షిఫ్ట్ ఆపరేటర్ ఆ ఫీడరు బ్రేకరు ఆపి, ఎవరడిగారు, ఏ ఫీడరు, ఎన్ని గంటలకి, ఏం పనికి అన్నది పుస్తకంలో రాసి ఓ నంబరు చెబుతాడు. ఇవతల లైన్‌మన్ లైనుని విడదీసే ఏబీ స్విచ్ దింపి, తీగలకి డిశ్చార్జి రాడ్డు తగిలించి, ఎర్త్ చేసి, ఆ తర్వాతే స్తంభమెక్కాలి. పని అయ్యాక దిగి, రాడ్లు తీసి, మళ్లీ ఫోన్ చేసి అదే నంబరు చెప్పి ఎల్‌సీ వాపసు ఇవ్వాలి.

ఓ ఎండాకాలం మధ్యాహ్నం ఒక సబ్‌స్టేషన్లో గంటసేపు కూర్చున్నాను. టేబులు ఫ్యాను గాలికి ఎగరకుండా ఎల్‌సీ పుస్తకం మీద పాత పింగాణీ ఇన్సులేటర్ బరువు పెట్టి ఉంది. ఫోన్ మోగింది. “అయిపోయిందన్నా, మావాడు దిగాడు, లైను వేసెయ్” అంటున్నారు అవతలి నుంచి. ఆపరేటర్ చెయ్యి బ్రేకరు వైపు కదల్లేదు. “వాణ్ణే మాట్లాడమను.” మళ్లీ ఫోన్, మళ్లీ అదే మాట. మూడోసారి, ఎల్‌సీ తీసుకున్న మనిషే లైన్లోకొచ్చి నంబరు చెప్పాకే టైము రాసుకుని లేచాడు. ఈలోపు మోటార్ల రైతులు అతన్ని ఎన్ని మాటలనుకున్నారో ఊహించవచ్చు.

విద్యుత్ రంగంలో ‘సంస్థల సామర్థ్యం పెంపు’ అంటూ ప్రపంచబ్యాంకు దస్తాల కొద్దీ నివేదికలు అచ్చువేస్తుంది. నా మటుకు ఆ మాటకి అర్థం ఆ పింగాణీ బరువు కింద ఉన్న పుస్తకమే. ఆపరేటర్ మారతాడు, లైన్‌మన్ రిటైరవుతాడు, వాణ్ణే మాట్లాడమనే పద్ధతి మారకూడదు. అది సడలిన చోటే చావులు. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతే ఏబీ స్విచ్ దింపి ఫ్యూజు వేసుకోవడం మన చేలల్లో మామూలైపోయింది. ఆ రైతు పేరు ఏ ఎల్‌సీ పుస్తకంలోనూ ఉండదు.

పద్నాలుగేళ్లు ఒకే కుర్చీ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న పుట్టింది. దానికి ఎక్కువ కాలం సారథ్యం వహించిన మనిషి నార్ల తాతారావు. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డులో పనిచేసి వచ్చిన ఈ ఇంజనీరు 1974 నుంచి 1988 దాకా చైర్మన్. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావుకి తమ్ముడు. ఆయన హయాంలోనే 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం తొలి యూనిట్ తిరిగింది. ఆ కేంద్రానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. కృష్ణకి ఇవతల గుంటూరు ఒడ్డున నిలబడితే దాని పొగగొట్టాలు కనిపిస్తాయి.

పద్నాలుగేళ్లలో ముఖ్యమంత్రులు ఎంతమంది మారారో వేళ్ల మీద లెక్కపెట్టండి, రెండో చెయ్యి కావాలి. చైర్మన్ మారలేదు. ఒక యూనిట్ తలపెట్టిన మనిషే దాన్ని నడిపించి, తప్పులు చూసి, తర్వాతి యూనిట్‌లో సరిదిద్దుకునే వెసులుబాటు దొరికింది. ఇప్పుడు కుర్చీ వేడెక్కేలోపే బదిలీ.

ఒకే స్తంభం, నాలుగు పేర్లు

గుంటూరు జిల్లాలో 1998లో పాతిన స్తంభం నాలుగు సంస్థల ఆస్తిగా బతికింది. మొదట విద్యుత్ బోర్డు. 1999 ఫిబ్రవరి 1న బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొడితే ట్రాన్స్‌కో. 2000 ఏప్రిల్‌లో పంపిణీని నాలుగు కంపెనీలు చేస్తే తిరుపతి కేంద్రంగా ఎస్‌పీడీసీఎల్. 2020 ఏప్రిల్ నుంచి విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్. తమాషా ఏమిటంటే, ఉమ్మడి రాష్ట్రంలో సీపీడీసీఎల్ అంటే హైదరాబాద్ కంపెనీ. రైతు మాత్రం ఇప్పటికీ ‘కరెంటాఫీసు’ అనే అంటాడు.

తేదీ గీసిన గీత

ఆ విభజన ఊరికే జరగలేదు. 1995లో హితేన్ భయ్యా కమిటీ బోర్డుని విడదీయమంది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మొత్తం వంద కోట్ల డాలర్లు ఐదు విడతలుగా ఇవ్వాలనే దీర్ఘకాలపు పథకంలో అది మొదటి విడత. మిగతా నాలుగూ ఆ రూపంలో రానేలేదు. బ్రిటన్ ప్రభుత్వం కూడా సలహాదార్లకీ శిక్షణకీ డబ్బిచ్చింది.

ఆ ఒప్పందాల నుంచి ఊళ్లో లైన్‌మన్ దాకా దిగివచ్చింది మాత్రం ఒక తేదీ. 1-2-1999కి ముందు చేరినవాళ్లకి పాత పద్ధతి పింఛను, తర్వాత చేరినవాళ్లకి ఈపీఎఫ్. ఒకే స్తంభమెక్కే ఇద్దరిలో ఒకరికి ఒక ముసలితనం, ఇంకొకరికి ఇంకో ముసలితనం. ఆ తేదీకీ 2004 ఆగస్టు 31కీ మధ్య చేరినవాళ్లని జీపీఎఫ్‌లోకి, అంటే పాత పద్ధతిలోకి, మార్చమన్న డిమాండు యూనియన్ల కరపత్రాల్లో ఏళ్ల తరబడి ఉంది. అన్నట్టు, మన విద్యుత్ యూనియన్లని జనం పేర్లతో కాదు, నంబర్లతో పిలుస్తారు: 1104, 327. గేటు మీటింగులో నినాదాలు కూడా నంబర్లతోనే.

హార్స్‌పవర్‌కి యాభై

1980ల తొలినాళ్లలో వ్యవసాయ మోటార్లకి మీటరు లెక్క పోయి హార్స్‌పవర్ లెక్క వచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టిన ‘హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు’ ఇప్పటికీ పెద్దవాళ్ల నోట నానుతుంది. ఐదు హార్స్‌పవర్ల మోటారుకి ఏడాదికి 250 రూపాయలు, పగలు తిప్పినా, రాత్రి తిప్పినా, అసలు తిప్పకపోయినా. చెల్లించడం తేలిక, వసూలు చేయడం తేలిక. కానీ మీటరుతో పాటు లెక్క కూడా పోయింది.

ఎంత కరెంటు సంగతో చూడండి. ఐదు హార్స్‌పవర్లంటే 3,730 వాట్లు. తొమ్మిది గంటలు పూర్తి బరువు మీద తిరిగితే రోజుకి 33 యూనిట్ల పైమాటే. లక్షల మోటార్లలో ఏది ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికి తెలుసు? అందుకని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లని నమూనాగా ఎంచుకుని, వాటికి మీటర్లు పెట్టి, హార్స్‌పవర్‌కి సగటు తీసి, మొత్తం మోటార్ల బలంతో గుణిస్తారు. ఆ నమూనా ఎంచుకునే పద్ధతి ఐఎస్‌ఐ వాళ్లది. మోటారు మీద కొట్టే ముద్ర కాదండీ, కోల్‌కతాలో మహలనోబిస్ 1931లో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్.

ఈ అంచనా ఎందుకంత ముఖ్యమంటే, లైన్లలో పోయే నష్టాన్నీ కొక్కేల దొంగతనాన్నీ ‘వ్యవసాయం వాడింది’ అనే ఖాతాలోకి నెట్టేయడం తేలిక. అలా నెట్టేస్తున్నారని విచారణల్లో రైతు సంఘాలు అనని ఏడాది లేదు. మీటరు పెడతామంటే మాత్రం రైతు గుండెల్లో రాయి పడుతుంది, రేపు బిల్లు కూడా వస్తుందేమోనని. శ్రీకాకుళం జిల్లాలో 2020లో మోటార్లకి మీటర్లు ప్రయోగాత్మకంగా పెట్టినప్పుడు రేగిన గొడవంతా ఇదే. ఆ భయం ఉత్తిది కాదు, లెక్క అవసరమూ ఉత్తిది కాదు. నలభై ఏళ్ల కిందట పోయిన నమ్మకాన్ని ఒక్క జీవోతో తెప్పించాలనుకోవడమే పొరపాటు.

ఉచితానికి నాలుగు షరతులు

2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేసిన సంగతి పసిపిల్లాడికీ తెలుసు. 2005లో దానికి తోకలా వచ్చిన ఉత్తర్వు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఉచితం కావాలంటే రైతు నాలుగు పనులు చేయాలన్నారు: ఐఎస్‌ఐ ముద్ర ఉన్న మోటారు, తగినంత కెపాసిటరు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, నున్నటి హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు.

నాలుగూ కలిస్తే అదే నీటికి కరెంటు బాగా తగ్గుతుంది. కెపాసిటరు విషయమే తీసుకోండి. మోటారుకి పని చేసే కరెంటుతో పాటు అయస్కాంతం నిలబెట్టుకోవడానికి ఇంకో రకం కరెంటు కావాలి. కెపాసిటరు లేకపోతే అది కూడా సబ్‌స్టేషన్ నుంచి తీగ వెంట రావాలి. తీగ వేడెక్కుతుంది, చివరి మోటారు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. కెపాసిటరు ఉంటే ఆ రెండోది మోటారు దగ్గరే దొరుకుతుంది. సబ్బుపెట్టె అంత వస్తువు. చాలాచోట్ల అధికారి వస్తున్నాడంటే బిగించి, వెళ్లాక మర్చిపోయారు. కరెంటు ఉచితమైనప్పుడు పొదుపు చేసి రైతు మిగుల్చుకునేది ఏముందని ఉత్తర్వు రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. రైతుకి దాని లాభం కరెంటు బిల్లులో కాదు, కాలిపోని మోటారులో ఉందని చెప్పిచూపించే మనిషి చేలోకి దిగలేదు.

కరెంటొచ్చిన నిమిషం

ఆటోస్టార్టర్ కనిపెట్టినవాణ్ణి రైతులు దేవుడంటారు, లైన్‌మన్లు తిడతారు. రాత్రి కరెంటు ఏ జాముకొచ్చినా లేచి వెళ్లక్కర్లేదు, మోటారు దానంతటదే అందుకుంటుంది. అయితే మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటార్లూ ఒకే క్షణంలో అందుకుంటే ఏమవుతుందో తిరనాళ్లలో ఒకే గేటు తెరిచినప్పుడు చూసే ఉంటారు. దీనికి విరుగుడుగా వచ్చిందే హెచ్‌వీడీఎస్: పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి కిలోమీటర్ల కొద్దీ సన్నతీగ లాగే బదులు, 11 వేల వోల్టుల లైనునే చేల దాకా తెచ్చి, ఇద్దరు ముగ్గురు రైతులకి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వడం. వోల్టేజీ నిలబడుతుంది. పైగా ‘ఇది మాది’ అనిపిస్తుంది. కొక్కెం వేయడానికి వచ్చినవాణ్ణి ఆ ముగ్గురే తరుముతారు.

ట్రాక్టరు ఎవరిది?

మా చుట్టాల ఊళ్లో మిరప పూతమీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మా బాబాయి వాళ్లు తలా ఇంత వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, దాన్ని దింపి, రిపేరు షెడ్డుకి మోసుకెళ్లి, అక్కడ రెండు రోజులు పడిగాపులు పడి తెచ్చుకున్నారు. “మనకేం కొత్తా నాన్నా, ఎప్పుడూ ఇంతేగా” అన్నాడు బాబాయి.

మీకు తెలుసా? విద్యుత్ నియంత్రణ మండలి 2004లో చేసిన ఏడో నంబరు రెగ్యులేషన్ ప్రకారం, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. ఆలస్యమైతే వినియోగదారుకి పరిహారం ఇవ్వాలి. మా బాబాయికి ఆ కాగితం చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. “ఇరవయ్యేళ్ల నుంచి ఉందా ఇది?” అన్నాడు. ఆ పైన ట్రాక్టరు కిరాయి ఎంతయిందో లెక్క చెప్పడం మొదలెట్టాడు. ఫిర్యాదు చేయాల్సిన నంబరు 1912. అక్కడ తేలకపోతే కంపెనీలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్.

దారం తెగితే

2012లోనూ, మళ్లీ 2022 ఏప్రిల్‌లోనూ రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు. మిరపపొడి మిల్లు ఆగితే మళ్లీ తిప్పుకోవచ్చు. స్పిన్నింగ్ మిల్లు అలా కాదు. చిలకలూరిపేట వైపు ఏ మిల్లులోనైనా కరెంటు కళ్లార్పినా చాలు, వేల కదుళ్ల మీద దారాలు ఒక్కసారిగా తెగుతాయి. నడవల వెంట ఆడపిల్లలు నడుచుకుంటూ ఒక్కో దారం కొసా వేలితో పట్టి అతకాలి. కరెంటు తిరిగొచ్చిన టైము వేరు, మిల్లు తిరిగొచ్చిన టైము వేరు.

గుంటూరు కోల్డ్ స్టోరేజీల కష్టం ఇంకో రకం. యార్డుని మిరప ముంచెత్తేది ఫిబ్రవరి నుంచి మే దాకా. అమ్ముడుపోని టిక్కీలు, అంటే మిరప బస్తాలు, అన్నీ చల్లటి గదుల్లోకి చేరతాయి. ఊరంతా ఏసీలు వేసుకునేది, అమ్మోనియా కంప్రెసర్లు రొప్పేది ఆ నెలల్లోనే.

పంపు అటు, చెరువు ఇటు

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే, ఏడింటికి వెనక్కి తిరిగే గుణముంది. పగలు కరెంటు తీసి, రాత్రి మిగులు కరెంటుతో అదే నీటిని మళ్లీ జలాశయంలోకి తోడగలవు. 1980లలోనే బిగించారు. తోడాలంటే కింద నీళ్లు నిలవాలిగా? ఆ నిలవకి కావాల్సిన టెయిల్‌పాండ్ ఆనకట్ట పల్నాడులో సత్రశాల దగ్గర కట్టేసరికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈలోపు 2014లో రాష్ట్రం విడిపోయింది. తోడే యంత్రాలు తెలంగాణ జెన్‌కోవి, కింద నీళ్లు నిలిపే ఆనకట్ట ఆంధ్ర జెన్‌కోది. కుడికాలువ కింద మిరప వేసిన రైతుకి ఈ లెక్కలేవీ పట్టవు, కాలువలోకి నీళ్లెప్పుడొదులుతారన్నదే అతని ప్రశ్న.

సిరిసిల్ల నుంచి ఢాకా దాకా

1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టింది. అమెరికా నుంచి వచ్చిన పీఎల్-480 గోధుమలు అమ్మగా పోగైన రూపాయలే దానికి తొలి పెట్టుబడిలో భాగం. ఊళ్లవాళ్లే కరెంటు కంపెనీ నడుపుకోగలరా అని చూడటానికి దేశంలో ఐదు చోట్ల సహకార సంఘాలు పెట్టారు. అందులో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోది సిరిసిల్ల, 1970లో. ‘సెస్’ అని పిలిచే ఆ సంఘం ఇప్పటికీ ఉంది, పాలకవర్గాన్ని వినియోగదారులే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఇక్కడ సలహా ఇచ్చిన అమెరికన్ సహకార సమాఖ్యే తర్వాత బంగ్లాదేశ్‌లో 1977లో మొదలైన గ్రామీణ విద్యుదీకరణ బోర్డుకీ చేదోడు అయింది. ఆ దేశపు పల్లెల్లో కరెంటు తిరిగింది చాలావరకు ఆ సహకార సంఘాల తీగల మీదే.

గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1979లో హైదరాబాద్ శివరాంపల్లిలో ఒక శిక్షణ సంస్థ కూడా పెట్టింది. ఒకప్పుడు బయటివాళ్లు వచ్చి మనకి పాఠం చెప్పారు. ఇప్పుడు ఆఫ్రికా, ఆసియా దేశాల ఇంజనీర్లు కేంద్ర ప్రభుత్వపు ఐటెక్ కార్యక్రమం కింద అక్కడికొచ్చి నేర్చుకుపోతున్నారు. ఆ పాఠాల్లో మా బాబాయి ట్రాక్టరు సంగతి ఉందో లేదో మరి.

మీ పేరు కూడా అచ్చవుతుంది

విద్యుత్ నియంత్రణ మండలి 1999లో ఏర్పడింది. దాని తొలి టారిఫ్ ఆర్డరు 2000 మే 27న వచ్చింది. చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా రోడ్డెక్కింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకి ముగ్గురు బలయ్యారు. నియంత్రణ మండలి అనే మాట చాలామంది మొదటిసారి విన్నది ఆ నెత్తుటి వార్తల్లోనే.

ఆ చేదు మధ్యనే ఒక మంచి అలవాటూ మొదలైంది. ఏటా నవంబరు 30 నాటికి పంపిణీ సంస్థలు వచ్చే ఏడాది తమ ఖర్చెంతో, రాబడెంతో మండలి ముందు పెట్టాలి. ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. లాయరు అక్కర్లేదు. కంపెనీ దానికి జవాబివ్వాలి. బహిరంగ విచారణలో లేచి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆర్డరు వచ్చినప్పుడు అందులో అభ్యంతరం, కంపెనీ జవాబు, మండలి అభిప్రాయం వరసగా ఉంటాయి, రాసినవాళ్ల పేర్లతో పట్టిక కూడా వేస్తారు. పాత ఆర్డర్లు తిరగేస్తే కొన్ని పేర్లు ఏటా కనిపిస్తాయి: రైతు సంఘాల వాళ్లు, విలేకరులు, రిటైరైన ఇంజనీర్లు. కంపెనీల ఎండీలు ఎన్నిసార్లు మారారో గానీ ఈ మనుషులు మారలేదు, ఫలానా ఏడాది ఫలానా పేజీలో మీరేం చెప్పారని నిలదీస్తుంటారు.

మా బాబాయి ఈ నవంబరు కోసం ట్రాక్టరు కిరాయి రసీదు దాచి పెట్టుకున్నాడు.